పాతవాళ్లకు సపోర్ట్ లేదు

మార్చి 2, సోమవారం

నిర్ణయం తీసేసుకున్నాను. ఇంతకాలం ఎందుకు తీసుకోలేదో నాకే తెలియదు.

ఈ నెలతో పాత బ్రౌజర్లకు సపోర్ట్ ఆఖరు. ఎవరు బతిమాలినా సరే.

కొత్త డైరీ కాబట్టి ముందు కాస్త పరిచయం. నేను, గడ్డం కలిసి ఒక లైబ్రరీ నడుపుతున్నాం. పుస్తకాల లైబ్రరీ కాదు. వెబ్‌సైట్లు కట్టేవాళ్లు తెచ్చుకుని వాడుకునే సాఫ్ట్‌వేర్ ముక్క. పేరు ‘గడులు’. దాన్ని పేజీలో పెడితే నెల క్యాలెండర్ గడులు గడులుగా వస్తుంది. ఒక గడి నొక్కితే అపాయింట్‌మెంట్ ఖాయం. ఊరికే ఇస్తాం. ఊరికే ఇచ్చేది కాబట్టి తిట్లు కూడా ఊరికే వస్తాయి. గడ్డం వేరే ఊళ్లో ఉంటాడు. ఫోన్లో గొంతూ, తెర మీద గడ్డమూ తప్ప మనిషిని ఎదురుగా చూసింది లేదు.

నిన్న ఆదివారం. ఎవరిదో రాతియుగం నాటి బ్రౌజర్‌లో మా క్యాలెండర్ వారానికి ఎనిమిది రోజులు చూపించింది. గురువారం రెండుసార్లు. దాన్ని ఏడుకు దించేసరికి చీకటి పడింది. హాల్లో పిడుగు సైకిల్ మీదే కూర్చుని, హెల్మెట్ పెట్టుకునే నిద్రపోయింది.

పిడుగు నా కూతురు. ఈ నెల 29న మా వీధి పిల్లల సైకిల్ పందెం. రూలు ఒకటే: పక్క చక్రాలున్న సైకిళ్లు రాకూడదు. పిడుగు సైకిల్‌కు వెనక రెండు వైపులా బుల్లి చక్రాలున్నాయి. అవి తీసి, సీటు పట్టుకుని పరుగెత్తి నేర్పిస్తానని చెప్పి ఎన్ని ఆదివారాలైందో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. వీధిలో పక్క చక్రాలతో మిగిలింది ఇదొక్కతే. "అమ్మా, ఈసారి కూడా నేను చూసేవాళ్లలోనేనా?" అని అడిగింది నిన్న. గుచ్చుకుంది.

కాబట్టి లెక్క తేలికే. పాత బ్రౌజర్లు పోతే ఆదివారాలు మిగులుతాయి. ఆదివారాలు మిగిలితే పిడుగు తొక్కుతుంది.

ఎంత హాయిగా ఉందో!

మార్చి 3, మంగళవారం

‘కనీస అవసరాలు’ పేజీ తిరగరాశాను. మా లైబ్రరీ నడవాలంటే ఎలాంటి బ్రౌజర్ కావాలి, ఎలాంటి సర్వర్ కావాలి అని చెప్పే పేజీ అది. పాతది చాంతాడంత ఉండేది. కొత్తది ఇదీ:

బ్రౌజర్: గత రెండేళ్లలో వచ్చినది.
సర్వర్: ఫైళ్లు పంపగలిగితే చాలు.

అంతే. చదివాను. మళ్లీ చదివాను. ఫోటో తీసి గడ్డానికి పంపాను.

తర్వాత అతుకులు పీకడం మొదలుపెట్టాను. అతుకు అంటే, పాత బ్రౌజర్‌కు చేతకాని పనిని చేతనైనట్టు నటింపజేసే కోడు. చూస్తే మా లైబ్రరీలో సగం అతుకులే. మధ్యాహ్నానికి సగం బరువు దిగిపోయింది. (లైబ్రరీది. నాది అంతే ఉంది.)

పాత బ్రౌజర్‌తో వచ్చేవాళ్లకు కనిపించడానికి ఒక ముక్క కూడా రాశాను. మొదట మర్యాదగానే రాశాను. ఇంతలో రెండు గురువారాలు గుర్తొచ్చి ఇలా మార్చాను:

"మీది బాగా పాతబడిపోయింది. ఇక మా వల్ల కాదు. కొత్తది తెచ్చుకుని రండి."

సూటిగా ఉంది. ఉండనీ.

మార్చి 4, బుధవారం

బాల్కనీలో నిలబడి గడ్డంతో ఫోన్. సిగ్నల్ అక్కడే బాగుంటుంది. గడ్డం నసిగాడు. "పాపం వాళ్లేమైపోతారండీ? ఆ అతుకులు ఊరికే ఓ మూల పడుంటాయి, మనకేం బరువు?" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. ఏమన్నానో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ముందు ముందు మెత్తబడితే చదువుకోవచ్చు.

"జాలిపడీ జాలిపడీ ఇలా తయారయ్యాం. పాతవాళ్లని మోసీ మోసీ నా నడుం విరిగింది. సగం చోటు వాళ్లే తినేస్తున్నారు. ఈ నెలతో సరి. కొత్తగా మారితే ఉంటారు, లేదంటే వాళ్ల దారి వాళ్లు చూసుకుంటారు. ఆదివారం పొద్దున్నే సపోర్ట్ తీసేస్తా, చూస్తూ ఉండు."

"సరే తల్లీ" అన్నాడు గడ్డం.

వెనక్కి తిరిగితే అత్తయ్య తువ్వాళ్లు ఆరేస్తున్నారు. మా ముందు గదిలో అత్తయ్య ఆడవాళ్ల సెలూన్ నడుపుతారు, అందుకని మా ఇంట్లో ఎటు చూసినా తువ్వాళ్లే. నేను ఉత్సాహం పట్టలేక, "మా లైబ్రరీ తేలికైపోయిందత్తయ్యా, ఇక పెద్ద సర్వర్ కూడా అక్కర్లేదు" అన్నాను.

"లైబ్రరీలో సర్వరెందుకమ్మాయ్? అక్కడ కాఫీ తాగనివ్వరుగా" అన్నారు.

మామూలుగా ఇలాంటివి అని తనే ముందు నవ్వుతారు. ఇవాళ నవ్వలేదు. ఎండ కళ్లలో పడుతోందేమో. గుమ్మం దగ్గర పిడుగు బొమ్మలు గీసుకుంటోంది. అందరం ప్రశాంతంగా ఉన్నాం.

మార్చి 5, గురువారం (ఒక్కటే గురువారం)

పొద్దున అత్తయ్య కాఫీ తెచ్చి, "తీసుకోండి" అన్నారు.

ఎవరితోనో అనుకుని వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

"చక్కెర సరిపోయిందా అండీ?"

పెళ్లైనప్పటి నుంచి నన్ను అమ్మాయ్, ఒసేయ్, నువ్వు తప్ప ఇంకోలా పిలిచిన మనిషి కాదు. ఒకసారి కోపమొచ్చి దువ్వెన విసిరినప్పుడు కూడా ‘నువ్వు’ అంటూనే విసిరారు. ఆ దువ్వెన తగిలినా ఇంత నొప్పి పుట్టలేదు.

మా ఆయనతో చెప్పాను. మా ఆయన చెవి మిషన్లు అమర్చే టెక్నీషియన్. ఊరందరికీ వినిపించేలా చేసి, ఇంటికొచ్చాక తను వినడం మానేస్తాడు.

"అత్తయ్య నన్ను మీరు అంటున్నారు."

"ఊఁ."

"చక్కెర సరిపోయిందా అండీ అన్నారు."

"మరి సరిపోయిందా?" అన్నాడు.

మార్చి 7, శనివారం

ఆదివారం దాకా ఆగలేక కొత్త వెర్షన్ నమూనా ఇవాళే వదిలాం. ఇష్టమైనవాళ్లు ముందే పెట్టి చూసుకోవచ్చు. అసలు విడుదల 18న. మెచ్చుకుంటూ మెయిళ్లు వచ్చాయి. "ఎంత తేలికగా ఉందో" అని ఎవరో రాశారు. గాల్లో తేలాను.

సాయంత్రం ఒక పళ్ల డాక్టరు గారి దగ్గర నుంచి మెయిల్. రిసెప్షన్ కంప్యూటర్‌లో క్యాలెండర్ రావడం లేదట. కొత్త బ్రౌజర్ పెట్టుకోమని రాశాను. ఆ కంప్యూటర్‌కే ఎక్స్‌రే మిషన్ తగిలించి ఉందనీ, బ్రౌజర్ మారిస్తే మిషన్ అలుగుతుందనీ జవాబు వచ్చింది. అవతల దవడలు పట్టుకుని జనం కూర్చున్నారట. నాకు నా జ్ఞానదంతం గుర్తొచ్చింది.

ఒక అతుకు తిరిగి పెట్టాను. పేజీలో ఒక్క వాక్యం చేర్చాను: పళ్ల డాక్టరుకు మినహాయింపు.

ఒక్కటే. ఇది ఓటమి కాదు, మానవత్వం.

మార్చి 8, ఆదివారం

పొద్దున్నే పిడుగు హెల్మెట్‌తో తయారు. నేను స్పానర్‌తో తయారు. ఫోన్ మోగింది. ఎత్తకూడదు అనుకున్నాను. ఎత్తాను. పేజీ అడుగున నా నంబరు పెట్టాలని ఏ తింగరి గడియలో తోచిందో.

"మీ లైబ్రరీ వల్ల మా లైబ్రరీ మూతపడిందండీ" అంది ఒకావిడ.

నిజం లైబ్రరీ. పుస్తకాలున్నది. తీసుకెళ్లిన పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలో అక్కడ మా గడుల్లోనే చూపిస్తారు. ముచ్చటపడి నమూనా పెట్టేశారట. వాళ్ల కంప్యూటర్ ఎవరో విరాళమిచ్చింది, బ్రౌజర్ దానితో పాటే పుట్టింది. ఇప్పుడు తేదీలు కనిపించక ఎవరూ పుస్తకాలు తిరిగివ్వడం లేదు.

"మా పాఠకులు మీకు చాలా రుణపడి ఉన్నారు" అంది చల్లగా.

రెండో అతుకు పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. పిడుగు హెల్మెట్‌తోనే భోజనం చేసింది. "పరవాలేదమ్మా" అంది. ఆ మాట దీనికి ఎవరు నేర్పారో. తిట్టినా బాగుండేది.

వచ్చే ఆదివారం ఖాయం.

మార్చి 10, మంగళవారం

అత్తయ్య జుట్టు రాగిచెంబు రంగులో ఉంది.

అది కూడా మెడ దాకా కత్తిరించి. నేను బజారు నుంచి వచ్చి ముందు గదిలో చూసి, "ఎవరు కావాలండీ?" అన్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"మారానండీ" అన్నారు అత్తయ్య. "మారితేనే కదా ఉండనిచ్చేది."

ఏదో సెలూన్ల పోటీ గురించి అనుకున్నాను. పొగుడుదామని, "చాలా బాగుందత్తయ్యా, మీరు ఇంకా ముందే మారాల్సింది" అన్నాను.

అత్తయ్య చేతిలో కత్తెర ఆగింది. "చిత్తం" అన్నారు.

చిత్తమా?

మార్చి 12, గురువారం

"ముందు మీరు స్నానం కానివ్వండి, తర్వాత మేం చేస్తాం" అన్నారు అత్తయ్య. ‘మీరు’ చాలదన్నట్టు ‘మేం’ కూడా వచ్చింది. ఇంట్లో ఏదో సభ జరుగుతున్నట్టుంది. పిడుగు కూడా భయపడి నన్ను ఒకసారి ‘అమ్మగారూ’ అంది.

మార్చి 13, శుక్రవారం

ఒకాయన ఫ్రిజ్.

నిజంగా ఫ్రిజ్. దాని తలుపుకు తెర ఉంది, తెరలో బ్రౌజర్ ఉంది. ఇంట్లో ఏ రోజు గిన్నెలు ఎవరు కడగాలో మా గడుల్లో పెట్టుకున్నారు. గడులు పోయాయి కాబట్టి ఇప్పుడు ఎవరూ కడగడం లేదు.

"బ్రౌజర్ మార్చండి" అన్నాను.

"మార్చాలంటే ఫ్రిజ్‌నే మార్చాలండీ. చల్లగానే ఉంది, ఏమని మార్చను?" అన్నాడు.

పేజీ ఇప్పుడిలా ఉంది:

బ్రౌజర్: గత రెండేళ్లలో వచ్చినది. పళ్ల డాక్టరుకు మినహాయింపు. పుస్తకాల లైబ్రరీకి మినహాయింపు. ఫ్రిజ్‌కు మినహాయింపు (తలుపు తెర వరకే).
సర్వర్: ఫైళ్లు పంపగలిగితే చాలు.

సర్వర్ సంగతి ఇంకా చెక్కుచెదరలేదు. అదే నా పరువు.

మార్చి 15, ఆదివారం

ఇవాళ సర్వర్.

ఒక పాటల బృందం. వాళ్ల సర్వర్ అంటే మెట్ల కింద ఉన్న పాత కంప్యూటర్. దాని మీద ‘ముట్టుకోవద్దు’ అని చీటీ. ఆ చీటీ అతికించినాయన అలిగి బృందం వదిలేశాడు, అందుకని ఎవరూ ముట్టుకోవడం లేదు. మా కొత్త ఫైలు ఏ రకానిదో ఆ సర్వర్‌కు తెలియదు. ఏదో ఒకటిలే అని పంపేస్తోంది. బ్రౌజర్ అనుమానించి తలుపు తియ్యడం లేదు. ‘ఫైళ్లు పంపగలిగితే చాలు’ అని రాసింది నేనే. అదీ పంపుతూనే ఉంది. ఎవర్ని అనను?

ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పి సరిచేయించాను. మధ్యలో వాళ్లకు సాధన వేళయింది. బల్లమీద ఫోన్ పెట్టేసి పాడుకున్నారు. అంతా అయ్యేదాకా విన్నాను. శ్రుతి కూడా పాత వెర్షనే.

సాయంత్రం పిడుగు వచ్చి నా పక్కన చేరింది.

"అమ్మా, ఈ ఆదివారం కూడా తియ్యలేదు కదా."

"ఏంటి తల్లీ?"

"సపోర్ట్. ఆదివారం పొద్దున్నే సపోర్ట్ తీసేస్తా, చూస్తూ ఉండు అన్నావుగా ఫోన్లో. నేను చూస్తూనే ఉన్నా."

వీధి పిల్లలు పక్క చక్రాలను సపోర్టులు అంటారట. బాల్కనీలో నేనన్న మాట విని, తన సైకిల్ గురించే అనుకుంది.

"తీస్తే పడిపోతానని భయమేసింది. నువ్వు తియ్యకపోతే మంచిదే అనుకున్నా. మళ్లీ పందెం గుర్తొచ్చి ఏడుపొచ్చింది" అంది.

దగ్గరకు తీసుకున్నాను. ఇకనుంచి ఫోన్లో గట్టిగా మాట్లాడకూడదు. ఇంట్లో అందరికీ చెవులున్నాయి, మా ఆయనకు తప్ప.

మార్చి 18, బుధవారం

విడుదల. గడ్డం అక్కడ, నేను ఇక్కడ, ఇద్దరం కలిసి మూడు దాకా లెక్కపెట్టి నొక్కాం. నేను కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగాను.

చుట్టు పూర్తి కాకముందే సెలూన్లోంచి కేక.

సెలూన్లో అద్దం పక్కన గోడకు పాత టాబ్లెట్ ఒకటి బిగించి ఉంటుంది. వచ్చినవాళ్లు మళ్లీ ఎప్పుడు రావాలో అందులో గడి నొక్కి వెళ్తారు. అసలు ‘గడులు’ పుట్టిందే దానికోసం. అత్తయ్య అపాయింట్‌మెంట్లు గోడ మీద పెన్సిల్‌తో రాస్తుంటే చూడలేక చేసిపెట్టాను. మా లైబ్రరీని మొట్టమొదట వాడిన మనిషి అత్తయ్యే. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దానంతటదే అందులో దిగేలా కట్టింది నేనే. కట్టి మర్చిపోయిందీ నేనే.

కుర్చీలో లెక్కల టీచర్. రిటైరయ్యారు, అత్తయ్యకు ప్రాణస్నేహితురాలు. తలంతా రంగు పట్టించుకుని, గడి నొక్కుదామని చెయ్యి చాపారు. గోడ మీద ఇంత లావు అక్షరాలు: "మీది బాగా పాతబడిపోయింది. ఇక మా వల్ల కాదు. కొత్తది తెచ్చుకుని రండి."

ఆవిడ తల తడుముకుని, "ఏం తెచ్చుకోమంటున్నారే, విగ్గా?" అన్నారు.

అత్తయ్య నా వైపు తిరిగారు.

"మొహం మీద చెప్పలేక గోడకెక్కించారా? ఆ రోజు బాల్కనీలో అన్నది చాల్లేదా?"

"బాల్కనీలో ఏమన్నాను?"

"పాతవాళ్లని మోసీ మోసీ నడుం విరిగిందన్నారు. సగం చోటు తినేస్తున్నామన్నారు. మారితే ఉంటారు, లేదంటే వాళ్ల దారి వాళ్లదన్నారు. మారానా లేదా? ఈ వయసులో తలకి రంగేసుకున్నానా లేదా? గది ఖాళీ చెయ్యమంటే చేస్తాను. ఆ ముక్క నాతో అనాల్సింది, ఎవరికో ఫోన్ చేసి కాదు."

రెండు వారాలుగా ఈ మనిషి ఆ మాటను కడుపులో పెట్టుకుని నాకు కాఫీ తెచ్చిస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది, అదే ఇబ్బంది.

"బ్రౌజర్లత్తయ్యా. నేనన్నది పాత బ్రౌజర్లని" అన్నాను. అదేమిటో చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో లెక్కల టీచర్ రంగు కారుతున్న తలతోనే తీర్పు చెప్పారు. "అంటే నీ కోడలు మనుషుల్ని కాదు, మిషన్లని అందన్నమాట."

"మిషన్లని వాళ్లు అంటారా ఎవరైనా? అవి అనాలి గానీ" అన్నారు అత్తయ్య.

నిజమే. ‘అవి’ అనుంటే ఈ గొడవే లేదు.

అత్తయ్య అద్దంలో చూసుకున్నారు. "అయితే ఈ రంగు ఊరికే వేసుకున్నానా?"

"బాగుందత్తయ్యా. ఒట్టు."

"బాగానే ఉందిలే. ఉండనీ. ఆ గోడ మీదది మాత్రం ముందు తీసెయ్యవే, బేరాలు పోతాయి."

తీసెయ్యవే అన్నారు. ‘వే’ అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ టాబ్లెట్‌కు కొత్త బ్రౌజర్ ఎక్కదు. కొత్త టాబ్లెట్ కొంటానంటే అత్తయ్య వద్దన్నారు, అంత లావు అక్షరాలు ఇంకెందులోనూ రావట. పీకిన అతుకులన్నీ తిరిగి పెట్టేశాను. లైబ్రరీ మళ్లీ మొదటి బరువుకొచ్చింది. నా బరువైతే అసలు దిగిందే లేదు.

మార్చి 20, శుక్రవారం

నిదానంగా ఆలోచిస్తే పాత బ్రౌజర్లు చెడ్డవేం కావు. ఓపికగా ఉంటాయి. అడిగినంతే చేస్తాయి. కొత్తవాటికి పొగరు.

పైగా ఈ నెలలో ఎండ ఎక్కువగా ఉంది. ఎండలో సైకిల్ నేర్పకూడదు. నీడపట్టున కూర్చుని కోడు రాసుకోవాలి.

మా ఆయన స్పానర్ ఎక్కడుందని అడిగాడు. సొరుగులో అన్నాను. ఇంకేదో కూడా చెప్పాడు. ఊఁ అన్నాను.

మార్చి 22, ఆదివారం

హడావుడిగా పెట్టిన అతుకుల్లో ఏదో తలకిందులైంది. ఎనిమిదో రోజు తిరిగొచ్చింది. ఈసారి శనివారం రెండుసార్లు. ఒకాయన "ఇది బాగుంది, దయచేసి సరిచెయ్యకండి" అని రాశాడు. పళ్ల డాక్టరు గారికి మాత్రం రెండో శనివారం కూడా నిండిపోయింది, ఆ జనం ఎప్పుడు వస్తారో ఎవరికీ తెలియదు.

"అమ్మా, పది నిమిషాలే" అంది పిడుగు.

"ఒక్క పది నిమిషాలు ఆగు తల్లీ" అన్నాను.

ఆ పది నిమిషాలూ ఈ పది నిమిషాలూ కలవలేదు. సాయంత్రం కిటికీలోంచి చూస్తే పిడుగు పక్క చక్రాలతోనే వీధిలో తిరుగుతోంది. వెనక రాగి జుట్టుతో అత్తయ్య, తలనిండా క్లిప్పులతో లెక్కల టీచర్ పరుగెత్తుతున్నారు. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఆ సీటు వెనక నేనుండాలి.

మార్చి 25, బుధవారం

పిడుగుకు సైకిల్ నేర్పకపోవడానికి కారణాలు:

ఎండ.
ఫ్రిజ్.
పాటల బృందం.
స్పానర్ సొరుగులో లేదు.
పిల్లలకు తొందరపడి నేర్పకూడదని ఎక్కడో చదివాను. (ఎక్కడా చదవలేదు.)
నేను.

చివరిది కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

మార్చి 28, శనివారం

పందెం రేపు. కూర్చుని బాధపడితే లాభం లేదని లేచాను. స్పానర్ కోసం వెతికితే మా ఆయన చొక్కా జేబులో దొరికింది. హాల్లోకి వెళ్లేసరికి పిడుగు సైకిల్‌ను కౌగిలించుకుని అడ్డం కూర్చుంది.

"తియ్యొద్దు. నేను రేపు పందెంలో లేను. చూసేవాళ్లలో ఉంటా."

"ఎందుకమ్మా?"

"సపోర్ట్ లేకుండా నాకు రాదు. నువ్వు నేర్పిస్తేనే వస్తుంది. నువ్వు నేర్పించలేదు."

కోపంగా చెప్పలేదు. మామూలుగానే చెప్పింది. నాకు సిగ్గేసింది. అది బొమ్మల దగ్గరకు వెళ్లిపోయాక కింద కూర్చుని, ఊరికే బండిని పట్టుకుని నిటారుగా నిలబెట్టాను.

బుల్లి చక్రాలు రెండూ నేలకు తగలడం లేదు.

కింద నుంచి వేళ్లు దూరుతున్నాయి. బోల్టు చుట్టూ కొత్త గీతలు. ఎవరో విప్పి, పైకి జరిపి, మళ్లీ బిగించారు.

మా ఆయన దగ్గరకు పరుగెత్తాను. పేపర్లోంచి తల ఎత్తకుండా చెప్పాడు.

"మా అమ్మ తీసెయ్యమంది. పిల్ల తియ్యొద్దంది. అందుకని తియ్యలేదు. కాస్త పైకి లేపాను. మర్నాడు ఇంకాస్త. అదేం గమనించలేదు, తొక్కుతూనే ఉంది."

"అంటే ఇన్ని రోజులూ రెండు చక్రాల మీదే తొక్కుతోందా?"

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వు ఊఁ అన్నావు."

మార్చి 29, ఆదివారం

పొద్దున్నే పిడుగుకు చెప్పాను. నమ్మలేదు. బల్ల మీద ‘కనీస అవసరాలు’ పేజీ ప్రింటు ఉంది, దిద్దుదామని తీసుకున్నది. మా ఆయన బండిని నిటారుగా పట్టుకున్నాడు. ఆ కాగితాన్ని బుల్లి చక్రం కింద ఇటు నుంచి దూర్చి అటు నుంచి లాగాను. రెండోవైపు కూడా అలాగే చేశాను. పిడుగు బోర్లా పడుకుని చూసింది.

"అయితే ఇవి నన్ను పట్టుకోలేదా?"

"లేదు."

"ఊరికే ఉన్నాయా?"

"ఊరికే ఉన్నాయి."

వేలితో బుల్లి చక్రాన్ని ఒకసారి తిప్పింది. "ఊరికే ఉంటే ఉండనీ అమ్మా. నీకేం బరువు?"

గడ్డం బాల్కనీ రోజున అడిగింది ఇదే. అప్పుడు ఒంటికాలి మీద లేచాను. ఇప్పుడు లేవడానికి ఆ కాలు లేదు.

"నాకేం బరువు లేదు. పందెంవాళ్లు ఒప్పుకోరు" అన్నాను.

"అయితే నువ్వే తియ్యి. నాన్న కాదు. తీస్తానంది నువ్వు కదా."

స్పానర్ పట్టుకున్నాను. ఫోన్ మోగింది. అందరూ నా వైపు చూశారు. అత్తయ్య సెలూన్లోంచి తడి తువ్వాలు తెచ్చి ఫోన్ మీద కప్పేశారు. అది లోపల నుంచి కాసేపు మూలిగి ఊరుకుంది. బోల్టులు రెండూ నేనే విప్పాను.

వీధిలో సీటు వెనక పట్టుకున్నాను. పిడుగు తొక్కింది. నేను పరుగెత్తాను. వదలకూడదు, ఇంకాసేపు వదలకూడదు అనుకుంటూనే పరుగెత్తుతున్నాను. చూస్తే సీటు నా చేతిలో లేదు. నేను వదల్లేదు, అదే వెళ్లిపోయింది. నేనింకా చెయ్యి చాపి గాలిని పట్టుకుని పరుగెత్తుతున్నాను.

"ఒసేయ్, ఇక ఆగవే" అని వెనక నుంచి అరిచారు అత్తయ్య. "అది నీ సపోర్ట్ తీసేసింది."

ఆగాను. ఆయాసమో, ఏడుపో తెలియలేదు. చాలా సంతోషంగా ఉంది. నేర్పింది నేను కాదని కాస్త కుళ్లుగానూ ఉంది.

పందెంలో పిడుగు చివరి నుంచి రెండోది. పడలేదు. గీత దాటాక కూడా ఆగలేదు, నేరుగా వెళ్లి లెక్కల టీచర్ గారి గేటును గుద్దింది. బ్రేకు నేర్పాలని మా అందరిలో ఎవరికీ తోచలేదు. మోకాలు చెక్కుకుపోయింది. చూడ్డానికొచ్చినవాళ్లందరికీ ఆ దెబ్బ చూపించుకుంటూ ఊరేగింది.

మార్చి 30, సోమవారం

కొత్త నిర్ణయం. ఈసారి ఖాయం.

పాత బ్రౌజర్లను తియ్యను. రోజుకో అతుకును కాస్త పైకి లేపుతాను. నేలకు తగలడం లేదని ఎవరికీ తెలియదు. బాల్కనీలో మాట్లాడను. మాట్లాడినా ‘అవి’ అంటాను.

‘కనీస అవసరాలు’ పేజీ మొత్తం చెరిపేసి మళ్లీ రాశాను:

బ్రౌజర్: మీ దగ్గరున్నది.
సర్వర్: మీ దగ్గరున్నది.
ఆదివారం: సపోర్ట్ లేదు. ఎవరికీ లేదు. ఫ్రిజ్‌కు కూడా.

ఎంత హాయిగా ఉందో! చదివాను. మళ్లీ చదివాను. వెనక నుంచి రాగి జుట్టు ఒకటి నా భుజం మీదుగా వంగింది.

"ఆదివారమే కదే నాకు బేరాలెక్కువ" అన్నారు అత్తయ్య. "ఆ రోజు నా టాబ్లెట్ ఆగిపోతే?"

పేజీలో ఒక్క వాక్యం చేర్చాను.

ఒక్కటే.